మన హాలుకు ఎంత స్పీకరు కావాలి?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో పాటలు వినడానికి తక్కువ ఖర్చులో చిన్న స్పీకర్లు ఎంచుకోవడం ఎలాగో చెప్పమని క్లబ్బు కార్యదర్శి గారు అడిగారు. సాంకేతిక విషయం కదా అని ఎవరూ కంగారు పడకండి. మన దగ్గరకు అప్పు కోసం వచ్చినవారిని ఏమడుగుతాం? ఎందుకు కావాలి, ఎంత కావాలి, ఎంత మోయగలరు? స్పీకర్ల దుకాణంలో అడుగుపెట్టే ముందు ఈ మూడు ప్రశ్నలూ మనల్ని మనం వేసుకుంటే చాలు. నేను చెప్పబోయేదంతా వీటికి జవాబే.

మొదటిది, ఎందుకు?

ఇవాళ మన ఇళ్లలో పాటలకు కరువు లేదు. కానీ నలుగురున్న ఇంట్లో నలుగురి చెవుల్లో నాలుగు ఇయర్‌ఫోన్లు. నాన్నగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఘంటసాల పాట వింటారు. ఆ ఫోనులోని స్పీకరు వేలిగోరంత ఉంటుంది. అందులో పాట మాటలు వినిపిస్తాయి తప్ప గొంతులోని గాంభీర్యం రాదు. మృదంగం ఎడమవైపు మోత అసలే రాదు. హాల్లో అందరూ కూర్చుని ఒకే పాట వినడానికి ఒక ఏర్పాటు కావాలి. మన అవసరం అది. పెళ్లి పందిట్లో వినిపించాల్సిన శబ్దం మనకు అక్కర్లేదు.

ఈ ఏర్పాటుకు ఒక స్పీకరు చాలదా, రెండెందుకు అని అడుగుతారు. బ్రిటన్‌లో ఇ.ఎం.ఐ. సంస్థలో పనిచేసిన అలన్ బ్లమ్లీన్ అనే ఇంజనీరు 1931లో స్టీరియో విధానానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మనకు రెండు చెవులున్నాయి. రెండు చెవులకూ అందే శబ్దంలోని చిన్న చిన్న తేడాలను బట్టే అది ఎటు నుంచి వస్తోందో మెదడు పోల్చుకుంటుంది. రెండు స్పీకర్ల మధ్య ఆ తేడాలను సరిగ్గా పంచితే, ఎదురుగా ఖాళీగా ఉన్న చోట గాయకుడు నిలబడి పాడుతున్నట్టూ, వయొలిన్ ఎడమన, మృదంగం కుడిన ఉన్నట్టూ అనిపిస్తుంది. ఒక్క డబ్బాలో రెండు స్పీకర్లు పక్కపక్కనే ఇరికించిన బ్లూటూత్ పెట్టెల్లో ఈ దూరం ఉండదు. టీవీ కింద పెట్టే సౌండ్‌బార్‌లోనూ కొంత లోటే. టీవీలో మాటలు స్పష్టంగా వినిపిస్తే చాలనుకునేవారికి సౌండ్‌బార్ చాలు. పాట కోసం కొనేవారు మాత్రం విడివిడిగా రెండు స్పీకర్లు తీసుకోవడం మంచిది.

రెండోది, ఎంత కావాలి?

ఇక్కడే జేబుకు చిల్లు పడేది. దుకాణంలో మొదట వినిపించే మాట వాట్లు. అట్టపెట్టె మీద 2000 వాట్లు, 5000 వాట్లు అని పెద్ద అక్షరాలుంటాయి. పక్కనే చిన్న అక్షరాల్లో పి.ఎం.పి.ఓ. అని ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే అది శాంక్షన్ లిమిట్ లాంటిది, అది కూడా ఎవరూ తనిఖీ చేయని శాంక్షన్. ఖాతాదారుడు నిజంగా వాడుకోగలిగేది డ్రాయింగ్ పవర్. స్పీకర్ల లోకంలో డ్రాయింగ్ పవర్ పేరు ఆర్.ఎం.ఎస్. వాట్లు. నిలకడగా ఇవ్వగలిగే శక్తి అది. పి.ఎం.పి.ఓ. లెక్కకు అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టేయండి.

మరి ఎన్ని ఆర్.ఎం.ఎస్. వాట్లు కావాలి? ఒక చిన్న లెక్క వేద్దాం. ప్రతి మంచి స్పీకరు కాగితంలోనూ సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకె అది. స్కూటరుకు మైలేజీ లాంటిది. మనం కొనే చిన్న స్పీకర్లకు సాధారణంగా 83 నుంచి 88 డెసిబెల్స్ దాకా ఉంటుంది. 85 అనుకుందాం. మన హాలు 12 అడుగులకు 15 అడుగులు, కూర్చునేది 8 అడుగుల దూరంలో. దూరం వల్ల కొంత తగ్గుతుంది, రెండు స్పీకర్లు కలవడం వల్ల, గోడల వల్ల కొంత పెరుగుతుంది. అన్నీ పోగా ఒక్కో స్పీకరుకు ఒక్క వాటు ఇస్తేనే మన చెవి దగ్గర సుమారు 80 డెసిబెల్స్ వస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే వచ్చేది 60 దగ్గర. అంటే ఒక్క వాటుతోనే పాట మన మాటల కన్నా బాగా గట్టిగా వినిపిస్తుంది.

పాటలో ఉన్నట్టుండి తవిలు మోగినప్పుడు, కోరస్ ఎత్తుకున్నప్పుడు ఇంకో 10 డెసిబెల్స్ కావాలి. 10 డెసిబెల్స్ పెరగాలంటే శక్తి పది రెట్లు కావాలి. అంటే 10 వాట్లు. కాస్త వెసులుబాటు ఉంచుకుంటే 30 నుంచి 50 వాట్ల ఆంప్లిఫయర్ మన హాలుకు ధారాళంగా సరిపోతుంది. ఇంకో సంగతి. శక్తిని రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 50 వాట్ల నుంచి 100 వాట్లకు వెళ్తే ధర బాగానే పెరుగుతుంది, చెవికి తెలిసే తేడా మాత్రం కొంచెమే. 85 బదులు 88 సెన్సిటివిటీ ఉన్న స్పీకరు ఎంచుకుంటే అదే 3 డెసిబెల్స్ పైసా ఖర్చు లేకుండా వస్తాయి.

ఇక పరిమాణం. మన హాళ్లకు, మన క్వార్టర్స్‌కు 5 అంగుళాల వూఫర్ ఉన్న స్పీకర్లు చక్కగా సరిపోతాయి. పడక గదిలో బల్ల మీద పెట్టుకోవడానికి 4 అంగుళాలు చాలు. హాలు మరీ పెద్దదైతే ఆరున్నర అంగుళాలు. చిన్న స్పీకరులో బేస్ రాదు కదా అంటారు. కొంత నిజమే. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ శక్తితో పెద్ద శబ్దం, ఈ మూడూ ఒకే చోట దొరకవు. రెండు కావాలంటే మూడోది వదులుకోవాలి. ఇది భౌతికశాస్త్రం పెట్టిన షరతు, ఏ కంపెనీ వాడూ తప్పించుకోలేడు. అరచేతిలో పట్టే పెట్టెలో ఇల్లదిరే బేస్ అని ఎవరైనా అంటే, ఏడాదిలో డబ్బు రెట్టింపు అనే పథకాన్ని చూసినట్టే దాన్ని చూడండి.

అయితే మనం వినే పాటలకు ఎంత లోతు కావాలి? మగ గొంతు మూల ధ్వని సుమారు 100 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, ఆడవారి గొంతు 200 దగ్గర. సినిమా పాటలో వినిపించే బేస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. 55 లేక 60 హెర్ట్జ్ దాకా దిగే స్పీకరు ఉంటే త్యాగరాజ కీర్తనలకూ, పాత సినిమా పాటలకూ, బాలమురళీకృష్ణ గారి కచేరీకీ లోటేమీ ఉండదు. యుద్ధం సినిమాలో బాంబు పేలినప్పుడు సోఫా అదరాలంటే మాత్రం వేరే సబ్‌వూఫర్ కావాలి. మేడమీద మీరు, కింద అద్దెకున్నవారు అయితే ఆ కోరిక మానుకోవడమే మర్యాద.

చిన్న స్పీకరు గొప్ప పని చేయగలదనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 1970ల్లో బి.బి.సి. ఇంజనీర్లకు ప్రసార వాహనాల్లో ఇరుకు చోట పెట్టుకుని వినడానికి నాణ్యమైన చిన్న స్పీకరు అవసరమైంది. వాళ్లే ఒకటి రూపొందించుకున్నారు. దాని పేరు ఎల్.ఎస్. 3/5ఎ. ఎత్తు 30 సెంటీమీటర్లు, అంటే మన స్కూలు స్కేలంత. అందులో లోతైన బేస్ లేదు, శబ్దం కూడా మరీ పెద్దగా రాదు. కానీ మనిషి గొంతు ఎంత సహజంగా పలుకుతుందంటే, యాభై ఏళ్లు గడిచినా ఆ నమూనాను ఇంకా తయారు చేస్తున్నారు, ఇంకా కొంటున్నారు. దాని ధర మన చర్చకు బయటిది. అది నేర్పే పాఠం మాత్రం మనకు ఉచితం. ముందు గొంతు సహజంగా పలకాలి, తక్కినవన్నీ తర్వాత.

మూడోది, ఎంత మోయగలం?

ఇక్కడ రెండు దారులున్నాయి. ఆంప్లిఫయర్ లోపలే ఉండే పవర్డ్ స్పీకర్లు ఒక దారి. కరెంటు ప్లగ్గు పెట్టి ఫోనునో టీవీనో కలిపితే పాట మొదలు. వైర్లు తక్కువ, బదిలీ వస్తే రెండు పెట్టెలతో పని అయిపోతుంది. తక్కువ బడ్జెట్‌లో మొదటిసారి కొనేవారికి ఇదే సులువు. లోపమేమిటంటే లోపలి ఎలక్ట్రానిక్స్ పాడైతే స్పీకరు కూడా మూలన పడుతుంది. కాబట్టి మీ ఊళ్లో సర్వీసు ఉందో లేదో ముందే కనుక్కోండి. మూడేళ్లకోసారి ఊరు మారే కుటుంబాలకు ఇది ముఖ్యం.

రెండో దారి పాసివ్ స్పీకర్లు, విడిగా ఆంప్లిఫయర్. కొంచెం ఖర్చు ఎక్కువ. కానీ ఒకటి పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. మంచి పాసివ్ స్పీకరు జాగ్రత్తగా వాడితే ఇరవై ఏళ్లు పలుకుతుంది. ఇంట్లో నాన్నగారి కాలం నాటి ఆంప్లిఫయర్ పనిచేసే స్థితిలో ఉంటే స్పీకర్లు ఒక్కటే కొంటే సరి. అలాంటప్పుడు ఓమ్స్ అంకె చూడండి. పాత ఆంప్లిఫయర్‌కు 8 ఓమ్స్ స్పీకర్లు క్షేమం. 4 ఓమ్స్ పెడితే అది ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది.

మాట వరసకు 20,000 రూపాయలు పక్కన పెట్టుకున్నారనుకోండి. పాసివ్ దారిలో అయితే అందులో 12,000 స్పీకర్లకు, 6,000 దాకా ఆంప్లిఫయర్‌కు, మిగిలింది వైరుకు, స్టాండ్లకు అని నేను పంచుతాను. స్పీకరు బాగుంటే మామూలు ఆంప్లిఫయర్ కూడా బాగా వినిపిస్తుంది. ఖరీదైన ఆంప్లిఫయర్ నాసి స్పీకరును బాగు చేయలేదు. వైరు గురించి ఎవరూ బెదిరించనివ్వకండి. మన హాల్లోని పదీ పదిహేను అడుగులకు ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగి వైరు చాలు. ఈఎంఐ మీద కొనమని సేల్స్‌మన్ అంటే ఏం చెప్పాలో మీకు నేను చెప్పనక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ స్పీకర్లలో బేరాలు దొరుకుతాయి. వూఫర్ చుట్టూ ఉండే మెత్తటి అంచును మాత్రం వేలితో సున్నితంగా తాకి చూడండి. రబ్బరు అంచైతే చాలాకాలం ఉంటుంది. ఫోమ్ అంచైతే కొన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తేమ ఊళ్ల నుంచి వచ్చిన వాటిని మరింత జాగ్రత్తగా చూడండి.

దుకాణంలో వినడం ఎలా?

మీకు బాగా తెలిసిన మూడు పాటలు ఫోనులో పెట్టుకుని వెళ్లండి. ఒకటి గొంతు ప్రధానంగా ఉన్నది. రెండోది వీణో వయొలినో. మూడోది వాద్యాలు నిండుగా ఉన్న స్టీరియో రికార్డింగు, ఉదాహరణకు 1986లో వచ్చిన ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్'. దుకాణదారుడి పాట వద్దు. అది ఆ స్పీకరుకు నప్పేలా ఏరి పెట్టుకున్నది. రెండు జతలను పోల్చేటప్పుడు శబ్దం సమానంగా ఉందో లేదో చూసుకోండి. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. మొదటి నిమిషంలో గలగలమని ఆకట్టుకునే స్పీకరు అరగంటకు తలనొప్పి తెప్పించవచ్చు. అందుకే ఇరవై నిమిషాలైనా కూర్చుని వినండి. ఇంట్లోవారిని కూడా తీసుకెళ్లండి. రోజూ వినేది వాళ్లు, పాట వినిపించేది మీరొక్కరి కోసమే కాదు. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో చూసి, ఆ గడువు లోపలే బాగా వాయించి తేల్చుకోండి.

కొన్నాక అసలు పని మొదలవుతుంది, అదే అమరిక.

చాలా ఇళ్లలో స్పీకర్లు షోకేసు అరలో, పెళ్లి ఫోటోకూ కొండపల్లి బొమ్మలకూ మధ్య ఇరుక్కుని ఉంటాయి. లేకపోతే ఒకటి బీరువా మీద, ఒకటి కింద. అలా పెడితే పదివేల స్పీకరైనా లక్ష స్పీకరైనా ఒకటే. రెండు స్పీకర్ల మధ్య ఆరడుగులుంటే, మీరు కూర్చునే చోటు కూడా ఒక్కోదానికి ఆరేడు అడుగుల్లో ఉండాలి. మూడు భుజాలూ సమానంగా ఉండే త్రిభుజం అన్నమాట. పైన ఉండే చిన్న ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి. బల్ల మరీ పొట్టిదైతే స్పీకరు ముందు అంచు కింద చిన్న చెక్కముక్క పెట్టి పైకి వాలేలా చేయండి. గోడకు ఆనించకండి. మూలకు నెడితే బేస్ బుస్సుమని ఉబ్బుతుంది, మాట మసకబారుతుంది. వెనక రంధ్రం ఉన్న స్పీకరుకు కనీసం జానెడు చోటు వదలండి. అర తప్పదంటే స్పీకరును అర ముందు అంచు దాకా లాగి పెట్టండి.

మన ఇళ్లలో ఇంకో చిక్కు నున్నటి టైల్స్, ఖాళీ గోడలు. హాలు మధ్య నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఖంగుమని మోగితే పాట కూడా అలాగే మోగుతుంది. ముందు ఒక జంపఖానా పరిచి, కిటికీలకు మందపాటి కర్టెన్లు వేసి చూడండి. పుస్తకాల అలమర ఉంటే మరీ మంచిది. ఇంట్లో ఉన్నవాటితోనే, అదనపు ఖర్చు లేకుండా జరిగే మరమ్మతు ఇది.

అమరిక సరిగ్గా కుదిరిందో లేదో తేల్చే పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు, పాత పాట చాలు. 1957 నాటి 'మాయాబజార్' పాటలు మోనోలో రికార్డయినవి. రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం వెళ్తుంది. మీరు సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఘంటసాల గొంతు రెండు స్పీకర్ల నడిమి ఖాళీలో, ఒకే చోట నిలబడాలి. పక్కకు జరిగినట్టుంటే ఒక స్పీకరు దగ్గరగానో, వేరే దిక్కుకు తిరిగో ఉంది. గొంతు ఎక్కడుందో తెలియకుండా గదంతా చెదిరి, బేస్ మాయమైతే ఒక స్పీకరుకు వైర్లు తారుమారయ్యాయి. ఆంప్లిఫయర్ ఆపి, ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలపండి. మన పద్దుల్లో డెబిట్, క్రెడిట్ తారుమారైతే బ్యాలెన్సు ఎలా తేలదో ఇదీ అంతే.

చివరగా చెవుల గురించి నాలుగు మాటలు. ఇవి స్పీకర్ల కన్నా ముఖ్యమైనవి.

ఇంట్లో పెద్దవారు టీవీ శబ్దం రోజురోజుకూ పెంచమంటున్నారా? శబ్దం వినిపిస్తోంది గానీ మాట తెలియడం లేదంటున్నారా? వయసుతో మొదట తగ్గేది సన్నని ధ్వనులను వినే శక్తి. స, శ, ఫ లాంటి అక్షరాలను గుర్తుపట్టడానికి కావలసినవి అవే. అప్పుడు శబ్దం పెంచితే అచ్చులు హోరెత్తుతాయి, హల్లులు అలాగే మిగిలిపోతాయి. స్పష్టంగా పలికే స్పీకరు కొంత సాయం చేస్తుంది. కానీ మొదట చేయాల్సింది చెవి డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ పరీక్ష. వినికిడి యంత్రం అవసరమని తేలితే స్పీకర్ల డబ్బు ముందు అటు పెట్టండి. "మామయ్య గారికి చాదస్తం, అడిగిందే అడుగుతారు" అని కోడళ్లు అనుకుంటారు. ఆయనకు వినపడలేదని చెప్పుకోవడానికి మొహమాటం. సభల్లో, పెళ్లిళ్లలో ఆయన మెల్లగా మాటలు తగ్గించి ఒక పక్కన కూర్చుండిపోతారు. ఆ మనిషిని మళ్లీ మన మధ్యకు తీసుకురావడం కన్నా పెద్ద సంగీతం ఏముంటుంది?

పిల్లల సంగతి. వింటున్న శబ్దం పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇయర్‌ఫోన్ ఎంత గట్టిగా మోగుతోందో పక్కనున్న తల్లికి తెలియదు. హాల్లో స్పీకరు పెడితే తెలుస్తుంది, తగ్గించమని చెప్పగలుగుతుంది. ఇరుగుపొరుగు గురించీ గుర్తుంచుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. ఇంట్లో మనం వినే పాట పక్కింటివారి నిద్రలోకి వెళ్లకూడదు.

వచ్చే ఆదివారం చేయాల్సిన పని ఒక్కటే చెప్పి ముగిస్తాను. దుకాణానికి వెళ్లకండి. టేపు తీసుకుని హాలు పొడవు వెడల్పులు కొలవండి. స్పీకర్లు ఎక్కడ పెడతారో, అందరూ ఎక్కడ కూర్చుంటారో ఒక కాగితం మీద గీయండి. ఆ కాగితం మీద ఇంట్లో పెద్దవారి కుర్చీ సరిగ్గా మధ్యలో వేయండి. అప్పుడు ఎంత స్పీకరు కావాలో ఆ కాగితమే చెబుతుంది. అది చెప్పే అంకె మీరు అనుకున్న దానికన్నా చిన్నదే అయి ఉంటుంది.